ఎంబెడెడ్ ప్రాసెసర్లలో పవర్ ఘటనల ట్రేసింగ్

ఎంబెడెడ్ ప్రాసెసర్ ఎప్పుడు నిద్రపోయింది, ఎంత గాఢంగా నిద్రపోయింది, దాన్ని ఎవరు లేపారు, లేచాక ఏయే భాగాలకు కరెంటు అందింది అనే సంగతులను వరుసగా, సమయంతో సహా నమోదు చేసి, ఆ నమోదు ఆధారంగా లోపాన్ని పట్టుకునే పద్ధతిని పవర్ ఘటనల ట్రేసింగ్ అంటారు. బ్యాటరీతో నడిచే పరికరం పది నిమిషాలకొకసారి అర సెకను పాటు లేచి పనిచేసి మళ్లీ పడుకుంటుంది. అంటే తన ఆయుష్షులో వెయ్యింట 999 వంతులు నిద్రలోనే గడుపుతుంది. ప్రోగ్రామును ఆపి చూసే మామూలు డీబగ్గింగ్‌కు మిగిలిన ఆ ఒక్క వంతే కనిపిస్తుంది. బ్యాటరీని తినేసే లోపాలు చాలావరకు నిద్రలో ఉంటాయి. వాటిని చూడాలంటే పరికరాన్ని లేపకుండా దాని నిద్రను రాసుకునే ఉపాయం కావాలి.

డెల్టాలో దీని అవసరం

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊళ్లు. తెనాలి ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పారుతాయి. తెనాలి నుంచి వచ్చే రైలు మార్గం రేపల్లెతో ఆగిపోతుంది. అక్కడి నుంచి నిజాంపట్నం రేవు దాకా వరి చేలు, రొయ్యల చెరువులు, ఉప్పు గాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో బాపట్ల, రేపల్లె ఉన్నాయి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది.

ఈ నేలపై బయట పెట్టే ఏ కొలత పరికరానికైనా మూడు పరీక్షలు తప్పవు. మొదటిది దూరం. చెరువు గట్టు మీదికో కాలువ లాకు దగ్గరికో కరెంటు తీగ లాగడం అన్నిసార్లూ కుదరదు, బ్యాటరీయే దిక్కు. రెండోది తుపాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఈ తీరం మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, సౌర ఫలకానికి ఎండా ఉండదు. కొలతలు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది అప్పుడే. మూడోది ఉప్పు తేమ. సర్క్యూట్ బోర్డు మీద పేరుకున్న ఉప్పు పొర గుండా కరెంటు కారుతుంది. 3.3 వోల్టుల దగ్గర అది పది లక్షల ఓముల నిరోధంగా పనిచేసినా 3.3 మైక్రో ఆంపియర్లు పోతాయి. మంచి పరికరం నిద్రలో వాడుకునే మొత్తం కరెంటు కంటే ఇదే ఎక్కువ.

రొయ్యల చెరువులో ప్రమాదం తెల్లవారుజామున వస్తుంది. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది, శ్వాస మాత్రం అన్ని ప్రాణులకూ సాగుతుంది. అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అట్టడుక్కు చేరుతుంది. ఆ వేళ నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోయినా, హెచ్చరిక రాకపోయినా పంట పోవచ్చు. గట్టు మీది పరికరం సరిగ్గా ఆ వేళకు లేవాలి. లేవకపోతే ఎందుకు లేవలేదో మర్నాడు చెప్పగలగాలి.

మూల భావనలు

ప్రాసెసర్‌లో కరెంటును ఆదా చేసే పద్ధతులు ముఖ్యంగా మూడు. వాటిని అర్థం చేసుకోవడానికి డెల్టా కాలువల పోలిక బాగా పనికొస్తుంది.

చేలోకి నీరు వెళ్లే తూము మూస్తే కాలువ నిండుగానే ఉంటుంది, చేలోకి మాత్రం నీరు పారదు. చిప్పులో ఒక భాగానికి క్లాక్ ఆపడం ఇలాంటిదే. ఆ భాగానికి వోల్టేజీ అందుతూనే ఉంటుంది, లోపల ఏదీ కదలదు. తూము తెరిచిన క్షణంలో పని మళ్లీ మొదలవుతుంది. అయితే నిండు కాలువ గట్ల నుంచి నీరు ఎప్పుడూ ఊరి పోతూనే ఉంటుంది. ట్రాన్సిస్టర్ల నుంచి కారే లీకేజీ కరెంటు ఆ ఊట లాంటిది.

ఊట కూడా ఆగాలంటే పై లాకు దించి కాలువనే ఎండగట్టాలి. చిప్పులో ఒక పవర్ డొమైన్‌కు సరఫరా మొత్తంగా తీసేయడం అదే. దీనికీ ఖరీదుంది. ఎండిన కాలువ మళ్లీ నిండడానికి సమయం పడుతుంది. సరఫరా పోయిన భాగంలోని రిజిస్టర్లు తమ విలువలను మరిచిపోతాయి కాబట్టి వాటిని ముందే మరోచోట దాచి, లేచాక తిరిగి నింపాలి. మూడో పద్ధతి పనిని బట్టి వోల్టేజీనీ క్లాక్ వేగాన్నీ తగ్గించడం. అవసరం మేరకే లాకు ఎత్తి కాలువను సగం మట్టంలో నడపడం లాంటిది ఇది.

లాకు దగ్గర లస్కరు ఏ తలుపును ఎన్ని గంటలకు ఎంత ఎత్తాడో రాసి పెడితే, కింది ఊరికి నీరు ఎందుకు అందలేదో ఆ పుస్తకం చూసి చెప్పవచ్చు. పవర్ ట్రేస్ అచ్చంగా అలాంటి పుస్తకమే.

నిద్ర స్థాయిలు

చిన్న పరికరాల్లో విస్తృతంగా వాడే ఆర్మ్ కార్టెక్స్-ఎం ప్రాసెసర్లలో నిద్రకు రెండు ఆదేశాలు ఉన్నాయి. ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగమనేది డబ్ల్యూఎఫ్‌ఐ, ఘటన జరిగేదాకా ఆగమనేది డబ్ల్యూఎఫ్‌ఈ. సిస్టమ్ కంట్రోల్ రిజిస్టర్‌లోని స్లీప్‌డీప్ అనే బిట్‌ను బట్టి అది తేలిక నిద్రా, గాఢ నిద్రా అన్నది తేలుతుంది. గాఢ నిద్రలో ఏయే భాగాలు ఆగాలన్నది చిప్పు తయారీదారు నిర్ణయిస్తారు.

స్థాయిల మధ్య తేడా చాలా పెద్దది. ఎస్‌టీఎం32ఎల్476 చిప్పును తీసుకుంటే, తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారం అది మెలకువలో మెగాహెర్ట్జ్‌కు సుమారు 100 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుంది. ఈ లెక్కన 80 మెగాహెర్ట్జ్ వేగంలో అది సుమారు 8 మిల్లీ ఆంపియర్లు. రియల్ టైమ్ క్లాక్ నడుస్తుండగా స్టాప్-2 నిద్రలో 1.4 మైక్రో ఆంపియర్లు చాలు. షట్‌డౌన్‌లో అది 30 నానో ఆంపియర్లకు పడిపోతుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎంఎస్‌పీ430 చిప్పుల్లో ఇలాంటి స్థాయిలకు ఎల్‌పీఎం0 నుంచి ఎల్‌పీఎం4 వరకు, సిలికాన్ ల్యాబ్స్ వారి ఈఎఫ్‌ఎం32 చిప్పుల్లో ఈఎం0 నుంచి ఈఎం4 వరకు పేర్లున్నాయి.

నమోదు చేయవలసిన ఘటనలు

పనికొచ్చే ట్రేస్‌లో కనీసం ఐదు రకాల ఘటనలు ఉండాలి: నిద్రలోకి వెళ్లడం (ఏ స్థాయి నిద్ర అన్నది), మేల్కొనడం (లేపినది ఏది అన్నది), ఒక్కో భాగానికి క్లాక్ ఇవ్వడం లేదా ఆపడం, వోల్టేజీ లేదా వేగం మారడం, రీసెట్ జరగడం (దాని కారణం). వీటిలో లేపినది ఏది అన్న ప్రశ్నకు జవాబు అన్నిటికంటే విలువైనది. పది నిమిషాలకొకసారి గడియారం లేపవలసిన పరికరాన్ని నిమిషానికి వందసార్లు ఒక పిన్ లేపుతోందని తెలిస్తే, లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ట్రేసింగ్ పద్ధతులు

పిన్ పద్ధతి. అన్నిటికంటే సులువైనది ఇదే. లేచిన వెంటనే ఒక ఖాళీ పిన్‌ను పైకి లేపి, పడుకునే ముందు కిందికి దించుతారు. లాజిక్ అనలైజర్ ఆ గీతను సమయంతో సహా చూపిస్తుంది. మూడు పిన్‌లు ఉంటే ఎనిమిది స్థితులను గుర్తించవచ్చు. ప్రాసెసర్ మీద పడే భారం దాదాపు ఉండదు.

మెమరీ పద్ధతి. ప్రతి ఘటననూ నిద్రలో కూడా చెరగని ర్యామ్‌లో ఒక వలయాకార బఫర్‌లోకి రాస్తారు. సమయానికి నాలుగు బైట్లు, ఘటన సంకేతానికి ఒకటి, స్థితికి ఒకటి, వివరానికి రెండు అనుకుంటే ఒక్కో నమోదుకు ఎనిమిది బైట్లు సరిపోతాయి. రెండు కిలోబైట్లలో 256 నమోదులు పడతాయి. పది నిమిషాలకు నాలుగు ఘటనల చొప్పున ఇది 10 గంటల 40 నిమిషాల చరిత్ర. సాయంత్రం ఏడింటి నుంచి మర్నాడు తెల్లవారి 5 గంటల 40 నిమిషాల దాకా, ఒక రాత్రంతా అందులో ఒదిగిపోతుంది. పొలంలో ఉన్న పరికరానికి ఇంతకంటే అక్కరకొచ్చే పద్ధతి లేదు, ఎందుకంటే దానికి పక్కన ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఇక్కడ సమయాన్ని ప్రాసెసర్ సైకిల్ కౌంటర్ నుంచి తీసుకోకూడదు. గాఢ నిద్రలో ఆ కౌంటర్ కూడా ఆగిపోతుంది, గంట నిద్ర రెప్పపాటుగా నమోదవుతుంది. నిద్రలోనూ నడిచే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ నుంచే సమయం తీసుకోవాలి. దాని ఒక్కో టిక్కు 30.5 మైక్రో సెకన్లు.

హార్డ్‌వేర్ ట్రేస్. కార్టెక్స్-ఎం3, ఎం4 వంటి ప్రాసెసర్లలో ఐటీఎం, డీడబ్ల్యూటీ అనే విభాగాలు ఎస్‌డబ్ల్యూఓ అనే ఒకే పిన్ ద్వారా ట్రేస్‌ను బయటికి పంపుతాయి. డీడబ్ల్యూటీలో నిద్ర సైకిళ్లను లెక్కపెట్టే ఎనిమిది బిట్ల కౌంటర్ ఉంది. అది నిండిన ప్రతిసారీ, అంటే 256 సైకిళ్లకొకసారి, ఒక సందేశం పంపగలదు. చిన్నవైన ఎం0, ఎం0+ ప్రాసెసర్లలో ఐటీఎం ఉండదు. అక్కడ మొదటి రెండు పద్ధతులే దారి.

పెద్ద చిప్పుల్లో ఇది మరింత విస్తారంగా ఉంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఓమాప్ తరగతి ప్రాసెసర్లలో పీఎంఐ, సీఎంఐ అనే ప్రత్యేక విభాగాలు పెట్టారు. పవర్ డొమైన్ల స్థితి, వోల్టేజీ స్థాయి మారడాన్ని పీఎంఐ కనిపెడుతుంది. క్లాక్ డొమైన్లు, క్లాక్ మూలాలు, విభజన నిష్పత్తులు, పీఎల్ఎల్ అమరికలు మారడాన్ని సీఎంఐ కనిపెడుతుంది. రెండూ తమ సందేశాలను సిస్టమ్ ట్రేస్ మాడ్యూల్ ద్వారా బయటికి పంపుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరుస కూడా చేర్చకుండా చిప్పే తన లాకుల పుస్తకాన్ని రాసుకోవడం దీని గొప్పతనం.

లినక్స్ పద్ధతి. అనేక సెన్సర్ల కొలతలను పోగుచేసి ఇంటర్నెట్‌కు పంపే గేట్‌వేలలో తరచుగా లినక్స్ నడుస్తుంది. 2008లో వచ్చిన 2.6.27 కెర్నెల్‌తో ఎఫ్‌ట్రేస్ అందులో చేరింది. సీపీయూ నిద్ర, ఫ్రీక్వెన్సీ మార్పు, సస్పెండ్, రెజ్యూమ్, ఒక్కో డివైస్ డ్రైవర్ తీసుకున్న సమయం, మేల్కొలుపు మూలాలు అన్నీ ట్రేస్ ఘటనలుగా దొరుకుతాయి. సీపీయూ నిద్ర నుంచి బయటికి వచ్చినప్పుడు స్థితి స్థానంలో 4294967295 అనే అంకె కనిపిస్తుంది. 32 బిట్లలో మైనస్ ఒకటిని గుర్తు లేని సంఖ్యగా చదివితే వచ్చేది అదే, అక్కడ దానికి మెలకువ అని అర్థం. కొత్తగా చూసినవారు దాన్ని పొరపాటుగా భావిస్తుంటారు.

కరెంటు కొలత. ఘటనల నమోదు ఒక్కటే చాలదు. పరికరం ఎంత కరెంటు తింటోందో పక్కపక్కనే చూడాలి. ఇక్కడి కష్టం కొలత పరిధిలో ఉంది. రేడియో పంపేటప్పుడు 40 మిల్లీ ఆంపియర్లు, నిద్రలో 2 మైక్రో ఆంపియర్లు అంటే 20,000 రెట్ల తేడా. ఒక ఓము నిరోధం పెడితే నిద్ర కరెంటుకు వచ్చేది రెండు మైక్రో వోల్టులే, మామూలు ఆసిలోస్కోపులో అది కనిపించదు. నిరోధం పెంచితే రేడియో పలికినప్పుడు వోల్టేజీ పడిపోయి చిప్పు రీసెట్ అవుతుంది. మల్టీమీటర్‌ను మైక్రో ఆంపియర్ల పరిధిలో పెట్టి కొలిచేవారికి ఇది ఎదురయ్యే మొదటి చిక్కు. నార్డిక్ వారి పవర్ ప్రొఫైలర్ కిట్-2 లాంటి సాధనాలు పరిధిని తామే మార్చుకుంటూ 200 నానో ఆంపియర్ల నుంచి ఒక ఆంపియర్ దాకా కొలుస్తాయి. ఆ కిట్‌కున్న ఎనిమిది డిజిటల్ ఇన్‌పుట్‌లకు పిన్ పద్ధతి గీతలను కలిపితే, ఘటనలూ కరెంటూ ఒకే తెర మీద ఒకే కాలరేఖపై కనిపిస్తాయి.

డీబగ్గర్ తెచ్చే మార్పు

ఈ రంగంలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఇది. ప్రాసెసర్ స్టాప్ నిద్రలోకి వెళ్తే క్లాకులు ఆగి డీబగ్గర్ సంబంధం తెగిపోతుంది, ఎస్‌డబ్ల్యూఓ ట్రేస్ మూగబోతుంది. ఇలా జరగకుండా ఎస్‌టీఎం32 చిప్పుల్లో డీబీజీ-స్టాప్ వంటి బిట్లను ఇచ్చారు. అవి పెడితే నిద్రలోనూ కొన్ని క్లాకులు నడుస్తూనే ఉంటాయి. సంబంధం నిలుస్తుంది కానీ కరెంటు వాడకం పెరుగుతుంది. అంటే చూస్తున్నది అసలు నిద్ర కాదు. ఆ బిట్లను తీయడం మరిచి పొలానికి పంపితే పరికరం ఎన్నడూ పూర్తిగా పడుకోదు. అందువల్ల చివరి కొలత ఎప్పుడూ డీబగ్గర్ తీగ పీకేసి, సరఫరాను ఒకసారి పూర్తిగా తీసి పెట్టాకే చేయాలి.

తరచుగా దొరికే లోపాలు

మిల్లీసెకనుకొకసారి మోగే సిస్‌టిక్ టైమర్‌ను ఆపకుండా తేలిక నిద్రకు పంపడం చాలా సాధారణమైన పొరపాటు. ట్రేస్‌లో సెకనుకు వెయ్యి మేల్కొలుపులు కనిపిస్తాయి. ఇంటరప్ట్ జెండాను చెరపకపోవడం మరొకటి. పెండింగ్‌లో ఇంటరప్ట్ ఉంటే డబ్ల్యూఎఫ్‌ఐ పడుకోకుండానే తిరిగి వస్తుంది.

వీటికి పూర్తిగా వ్యతిరేకమైనది లేవవలసినప్పుడు లేవకపోవడం. పని ఉందా అని ప్రోగ్రాము జెండాను చూస్తుంది, లేదని తెలుసుకుంటుంది. డబ్ల్యూఎఫ్‌ఐ దాకా చేరే ఆ సన్నని సందులోనే ఇంటరప్ట్ వచ్చి వెళ్లిపోతుంది. పని మిగిలి ఉండగానే చిప్పు పడుకుంటుంది. జెండా చూసే ముందే ప్రైమాస్క్ అనే రిజిస్టర్‌తో ఇంటరప్ట్‌లను నిలిపి, డబ్ల్యూఎఫ్‌ఐ తర్వాత వదలడం దీనికి మందు. ప్రైమాస్క్ పెట్టి ఉన్నా పెండింగ్ ఇంటరప్ట్ డబ్ల్యూఎఫ్‌ఐని లేపుతుంది, కాబట్టి ఏ పిలుపూ తప్పిపోదు. ఇలాంటి లోపం నెలకొకసారి బయటపడుతుంది, ప్రయోగశాలలో ఎంత వెతికినా దొరకదు. ర్యామ్‌లో దాచిన ట్రేస్ దాన్ని ఒక్కసారిలోనే చూపిస్తుంది.

తీర ప్రాంతంలో అదనంగా చూడవలసినవి రెండు. ఏ వోల్టేజీకీ కట్టకుండా వదిలేసిన మేల్కొలుపు పిన్ మీద ఉప్పు తడి చేరితే దొంగ మేల్కొలుపులు వస్తాయి. ముసలి బ్యాటరీ రేడియో పంపే క్షణంలో వోల్టేజీ నిలబెట్టలేక బ్రౌన్-అవుట్ రీసెట్ వస్తుంది. రీసెట్ కారణాన్ని ప్రతి బూట్‌లోనూ మొదటి నమోదుగా రాయడం ఇందుకే తప్పనిసరి.

ఒక లెక్క

రేపల్లె వైపు రొయ్యల చెరువు గట్టు మీద నీటి మట్టం, ఉష్ణోగ్రత కొలిచే ఒక పరికరాన్ని ఊహిద్దాం. 2,000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ. పది నిమిషాలకొకసారి అర సెకను కొలత 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర, 0.1 సెకను రేడియో 40 మిల్లీ ఆంపియర్ల దగ్గర, మిగిలిన సమయం 2 మైక్రో ఆంపియర్ల నిద్ర. కొలతకు 5, రేడియోకు 4, నిద్రకు 1.2, మొత్తం 10.2 మిల్లీ ఆంపియర్-సెకన్లు. 600 సెకన్లకు సగటు 17 మైక్రో ఆంపియర్లు. కాగితం మీద ఇది 13 ఏళ్లు నడవాలి. బ్యాటరీ తనంతట తాను కోల్పోయే శక్తి వల్ల నిజంలో అంతకు తగ్గుతుంది, అయినా ఏళ్ల మాటే.

అదే పరికరం రెండు నెలలకే ఆగిపోయిందనుకుందాం. ట్రేస్ చదివితే తప్పు కనిపించదు. ప్రతి పది నిమిషాలకు గడియారం లేపింది, సెన్సర్ ఆన్ అయింది, రేడియో పలికింది, స్టాప్ నిద్ర వచ్చింది. దొంగ మేల్కొలుపు ఒక్కటీ లేదు. కరెంటు గీత మాత్రం నిద్ర అని రాసి ఉన్నచోట 1.4 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది.

రెండు గీతలనూ ఒకదానిమీద ఒకటి పెట్టినప్పుడు కారణం బయటపడుతుంది. ఆ అదనపు కరెంటు సెన్సర్ ఆఫ్ అయిన క్షణంలో కాక, నిద్రకు ముందు పిన్‌లను అమర్చే వరుస దగ్గర మొదలైంది. సెన్సర్‌తో మాట్లాడే ఐ-స్క్వేర్డ్-సీ తీగలు రెండింటినీ ప్రోగ్రాము కిందికి దించి వదిలేసింది. ఆ తీగలను పైకి లాగి ఉంచే 4.7 కిలో ఓముల నిరోధాలు ఎప్పుడూ ఆరని సరఫరాకు కలిపి ఉన్నాయి. 3.3 వోల్టులను 4,700 ఓములతో భాగిస్తే తీగకు 0.7, రెండింటికి 1.4 మిల్లీ ఆంపియర్లు. ప్రాసెసర్ నిజంగానే నిద్రపోతోంది, బ్యాటరీ మాత్రం దాని పక్క నుంచి కారిపోతోంది. ఈ లెక్కన ఆయుష్షు 59 రోజులు. 2009లో దేశంలో అనుమతి పొంది ఈ తీరమంతా పాకిన వనామీ రొయ్య పంటకు మూడు నాలుగు నెలలు పడుతుంది. పంట చేతికి రాకముందే కాపలా ఆగిపోయిందన్నమాట.

చికిత్స చిన్నదే. నిద్రకు ముందు ఆ పిన్‌లను అధిక నిరోధ ఇన్‌పుట్‌లుగా మార్చాలి, లేదా నిరోధాలను సెన్సర్‌తో పాటు ఆరిపోయే సరఫరాకు కలపాలి. ఘటనల నమోదు ఒక్కటే ఉంటే పరికరం నిర్దోషి అనిపించేది, కరెంటు కొలత ఒక్కటే ఉంటే ఎక్కడ వెతకాలో తెలిసేది కాదు.

చరిత్ర, తెలుగు నేలపై కృషి

కంప్యూటర్లలో విద్యుత్ నిర్వహణకు 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం, 1996లో తోషిబా కూడా కలిసి రూపొందించిన ఏసీపీఐ ప్రమాణాలు పునాది వేశాయి. 2007లో ఇంటెల్ విడుదల చేసిన పవర్‌టాప్, ఏ ప్రోగ్రాము ప్రాసెసర్‌ను సెకనుకు ఎన్నిసార్లు లేపుతోందో మామూలు వాడుకరికి కూడా చూపించింది. మేల్కొలుపులను లెక్కపెట్టాలన్న స్పృహ అక్కడి నుంచి విస్తరించింది.

తెలుగు నేలపై ఈ రంగానికి పెద్ద గుర్తు రెడ్‌పైన్ సిగ్నల్స్. వెంకట్ మట్టెల 2001లో స్థాపించిన ఈ సంస్థ, హైదరాబాద్‌లోని డిజైన్ కేంద్రం బలంతో అతి తక్కువ విద్యుత్తు వాడే వైఫై, బ్లూటూత్ చిప్పులను రూపొందించింది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ ఆ వ్యాపారాన్ని హైదరాబాద్ కేంద్రంతో సహా 30.8 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. విద్యుత్తు ఎక్కువగా తినే వైఫైని బ్యాటరీ పరికరాలకు పనికొచ్చేలా చేయడమంటే, ప్రతి మేల్కొలుపుకూ లెక్క చెప్పడమే.

డెల్టాలో ఈ విద్యను నాటడానికి కావలసిన నేల సిద్ధంగా ఉంది. 1945 నాటి వ్యవసాయ కళాశాల, 1981 నాటి ఇంజినీరింగ్ కళాశాల రెండూ బాపట్లలోనే ఉన్నాయి. తెనాలికి దగ్గరలోని వడ్లమూడిలో విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది. పైరు అవసరం తెలిసినవారు, చిప్పు భాష తెలిసినవారు ఒకే ఊళ్లో ఉండడం అరుదైన వరం. ఎంబెడెడ్ పాఠాల్లో ఎల్ఈడీ వెలిగించే మొదటి ప్రయోగం తర్వాత రెండో ప్రయోగంగా నిద్రను కొలవడం నేర్పితే మేలు. ఒక చౌక బోర్డు, ఒక లాజిక్ అనలైజర్, నిద్రలో చెరగని రెండు కిలోబైట్ల మెమరీ దానికి చాలు. అలా నేర్చుకున్న విద్యార్థి నిజాంపట్నం గట్టు మీద పెట్టిన పరికరం ఒక తెల్లవారుజామున మూగబోతే, దాన్ని పారేయకుండా విప్పి, ఆ రాత్రి తాలూకు 256 నమోదులను చదివి, ఎన్ని గంటలకు ఏ తలుపు మూసుకుందో రైతుకు చెప్పగలుగుతాడు.